కాటా రంజానూ, పురుగుమందు తాగిన కంప్యూటరూ

వినుకొండ నించి దర్శి దాకా ఏ బంకు కాడ కూర్చున్నా ఈ మాట వినపడిద్ది. కాటా రంజాను మిల్లు కంప్యూటరుకి పురుగుమందు తాగించి చంపాడంట. కొందరు డబ్బా మూత తీసి నిలువునా పోశాడంటారు. కొందరు కొత్త కంప్యూటరు మీద మోజుతో పాతదాన్ని కావాలనే చంపాడంటారు. ఒకడైతే దాని తెర మీద నురగలొచ్చాయని, తన కళ్ళతో చూశానని వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు. ఆ రోజు వాడు కొత్తపట్నంలో చేపలు కొంటన్నాడు. ఇదంతా నిజమని ఇప్పటిదాకా తేల్చినోడు లేడు, అబద్ధమని తేల్చినోడూ లేడు.

పురుగుమందనేది మా పక్క నవ్వులాటకి అనే మాట కాదు. పత్తి దెబ్బ తిన్న ఏళ్ళల్లో ఏ వాకిట్లో జనం గుంపుగా కనపడినా గుండె జల్లుమనేది. అయినా తాగింది కంప్యూటరు అనేసరికి జనం ఆపుకోలేకపోయారు. నేనూ నవ్వా. మా టీ బంకు సరిగ్గా ఆ మిల్లు గేటుకి ఎదురుగానే. చూసింది చూసినట్టే చెప్తా. మధ్యలో కాస్త కారం ఎక్కువ పడితే అది మా నేల గుణం, నాది కాదు.

రంజాను వాళ్ళ నాయన కాశిం దూదేకేవాడు. మనిషంత విల్లు భుజానేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. పాత పరుపులు విప్పి, టంగు టంగుమని దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. ఆ చప్పుడికి ఊళ్ళో పసిపిల్లలందరూ ఒక్కసారే నిద్రపోయేవాళ్ళు. ఫోము పరుపులొచ్చాక ఆ విల్లు అటకెక్కింది. రంజాను పదో తరగతి ఇంగ్లీషులో తప్పి, చెంచురామయ్య గారి పత్తి మిల్లులో బోరేలు కుట్టే పనికి చేరాడు. బోరెమంటే పత్తి కుక్కే పెద్ద గోనెసంచి. మా ఆయన్ని అందులో వేసి మూతి కుడితే ఇంకా ఇద్దరికి చోటుంటది.

తొంభై ఏడులో మిల్లుకి కంప్యూటరు కాటా వచ్చింది. ట్రాక్టరు వచ్చి ఇనప పలక మీద నిలబడితే చాలు, గదిలో కంప్యూటరు మీద బరువు పడిద్ది, పక్కనున్న మిషన్లోంచి చీటీ వచ్చిద్ది. దాన్ని బిగించడానికి గుంటూరు నించి వచ్చినోడికి రంజాను నా బంకులోంచే టీలు మోశాడు. మోస్తా మోస్తా వాడి వేళ్ళు ఎక్కడెక్కడ పడతన్నాయో కళ్ళతోనే మింగేశాడు. వాడు బస్సెక్కేసరికి కాటా గదిలో కుర్చీ రంజానుదైంది.

వాళ్ళమ్మ ఖాదర్‌బీ ఆ వారం వీధి వీధంతా తిరిగింది. "వాళ్ళ నాయన జన్మంతా జనాల వాకిట్లో గొంతుక్కూర్చుని దూదేకాడమ్మా. మా వాడు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంటన్నాడు" అని చెప్పిందే చెప్పింది. కంప్యూటరు మీద కప్పమని రంగురంగుల గుడ్డముక్కలతో బొంత కూడా కుట్టిచ్చింది. ఇహ రంజాను చూడాలి! గదిలోకి ఎవర్నీ చెప్పులతో రానీడు. ఓనరు గారొచ్చినా వాడి చూపు ముందు ఆయన కాళ్ళ మీదికే పోయేది.

రైతులు మొదట్లో ఆ పెట్టెని నమ్మలా. "దీని కడుపులో ఓనరు కూర్చున్నాడ్రా" అనేవాళ్ళు. నాలుగేళ్ళు తిరిగేసరికి చేత్తో రాసిన చీటీ ఇస్తే చించి మొహాన కొట్టేదాకా వచ్చారు. చేతిరాతలో తొమ్మిది ఏడైపోయిద్ది, ఏడు ఒకటైపోయిద్ది. మిషను చీటీలో అట్టా అవదు కదా. అందుకని మా రోడ్డున మిషను చీటీ ఉంటేనే పత్తి దిగిద్ది. లేదంటే ట్రాక్టరు కదలదు, రైతు కదలడు. ఇది గుర్తుపెట్టుకోండి, మా వాడి కొంప మునిగింది దీంతోనే.

రెండు వేల మూడు వచ్చేసరికి ఆ కంప్యూటరు ముసలిదైపోయింది. చీటీ కొట్టమంటే నేను టీ పెట్టి, వడగట్టి, పోసిందాకా ఆలోచించేది. దానికి తోడు దూది. మిల్లులో గాలంటేనే దూది. అది సందుసందునా దూరి, లోపల చల్లదనానికి తిరిగే చిన్న ఫ్యానుకి చుట్టుకుని, పెట్టెంతా కుంపటిలా కాలేది. దూదేకి బతికిన ఇంటి పిల్లోడికి దూదే శత్రువైంది చూడండి.

అప్పుడు దిగాడు కోటిలింగం. చెంచురామయ్య గారి బామ్మర్ది. గుంటూరులో విడి సామాను తెచ్చి కంప్యూటర్లు బిగించి అమ్ముతాడు. మెళ్ళో గొలుసు మా గేదె పలుపంత ఉంటది.

"బావా, ఇది ఎద్దుల బండి. దీనికి రేడియం స్టిక్కర్లు అంటిస్తే లారీ అవుద్దా? కొత్తది బిగిస్తా. చిటికేస్తే చీటీ వచ్చిద్ది."

"కొత్తదెందుకండీ" అన్నాడు రంజాను, గది గుమ్మానికి అడ్డంగా నిలబడి. "దీనికి జ్ఞాపకశక్తి తక్కువైంది, అంతే. మెమరీ ముక్క ఒకటేసి, ఫ్యాను మారిస్తే ఇంకో నాలుగు సీజన్లు లాగిద్ది."

"మొన్న ప్రింటరు వైరు మార్చావు, అంతకుముందు కీబోర్డు మార్చావు. పాత బొంతకి అతుకులేసి అతుకులేసి చివరికి అతుకులే మిగిలినై కదరా. కొత్తది పెడితే నీకేంటి నెప్పి?"

ఆ నెప్పేందో రంజానుకే కాదు, గేటు కాడ కుక్కక్కూడా తెలుసు. కొత్త దాని కాడ కూర్చోడానికి గుంటూరు నించి ట్రైనింగు అయిన మనిషిని తెస్తానని కోటిలింగం ముందే అన్నాడు. పాత పెట్టె పోతే పాత కుర్చీ పోద్ది. మళ్ళీ బోరేలు, మళ్ళీ దబ్బనం.

చెంచురామయ్య గారు మాట తక్కువ మనిషి. రెండు ముక్కల్లో తేల్చేశారు. "ఈ సీజనుకి నువ్వు చెప్పినట్టే కానీరా రంజానూ. కానీ లోడు మీద ఉన్నప్పుడు అది ఒక్కసారి ఆగిందో, కొత్త మిషను, కొత్త మనిషి. తర్వాత నా కాళ్ళ మీద పడొద్దు."

రంజాను గుంటూరు పోయి, రిపేరు షాపులన్నీ గాలించి, ఎవరిదో చచ్చిన కంప్యూటర్లోంచి పీకిన మెమరీ ముక్క తెచ్చాడు. కొత్తది ఆ పాత గాడిలో పట్టదంట. అది పెట్టాక నిజంగానే కాస్త చురుకొచ్చింది. వాడి నడకే మారింది. "చూశావా పిన్నీ, మనిషికైనా మిషనుకైనా కాస్త కనిపెట్టి చూసుకునేవాళ్ళుంటే చాలు" అని నా కాడికొచ్చి మీసం తిప్పాడు. ఫ్యాను మాత్రం ఆ సైజుది గుంటూరులో దొరకలా. పాతదాన్నే సైకిలు పంపుతో ఊది పెట్టాడు.

ఇహ ఆ రోజు సంగతి.

పత్తి సీజను పీకలమీదుంది. ముందురోజు రేడియోలో వాయుగుండమని చెప్పారు. అంతే, చేలల్లో ఉన్న పత్తంతా రోడ్డెక్కింది. గేటు కాడ మొదలైన ట్రాక్టర్ల వరస కాలవ వంతెన దాటిపోయింది. నన్నడిగితే దర్శి దాకా ఉందంటా. వరసలో అందరికన్నా ముందు ఇమ్మానియేలు ట్రాక్టరు ట్రక్కు. దర్శి పక్క కౌలు రైతు. లోడు కొండలాగా పేర్చాడు, పైన కప్పడానికి పట్ట లేదు. పత్తి పైన వీపుకి తగిలించుకునే ఇంజను పంపు ఒకటి కట్టుకొచ్చాడు. పొద్దున మిరప తోటకి మందు కొట్టి, దార్లో ఆ పంపు ఎవరిదో వాళ్ళకిచ్చేసి పోదామని.

మధ్యాహ్నానికే తూర్పున ఆకాశం మసిగుడ్డలాగా అయింది. కోటిలింగం కూడా సరిగ్గా అప్పుడే కార్లో దిగాడు. వెనక సీట్లో అట్టపెట్టె. అందులో కొత్త కంప్యూటరు. శకునం చూసుకుని వచ్చినట్టే వచ్చాడు.

ఇమ్మానియేలు ట్రక్కు కాటా పలకెక్కింది. రంజాను మీట నొక్కాడు. తెర ఒకసారి మిణుకుమని నల్లగా అయిపోయింది.

మళ్ళీ పెట్టాడు. బీప్ అని ఆగింది. మళ్ళీ పెట్టాడు. అదే.

"ఏందిరా రంజానూ, ఏమైంది?" బయట్నించి కేకలు.

"ఏం కాలా, ఏం కాలా. ఒక్క నిమిషం."

వాడి మెడ మీద చెమట నాకు కిటికీలోంచి కనపడతంది. వరసలో వాళ్ళకని తెచ్చిన టీలు పట్టుకుని నేను ఆ కిటికీ కాడే నిలబడ్డా, ఎవరికీ పొయ్యకుండా. చెంచురామయ్య గారొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చెప్పులతోనే. రంజాను ఈసారి ఆయన కాళ్ళకేసి చూడలా.

పెట్టె రేకు విప్పాడు. లోపల పిచిక గూడు పెట్టినట్టుంది. ఫ్యాను చుట్టూ దూది చుట్టుకుపోయి, మసి పట్టి, పిడకలాగా గట్టిపడిపోయింది. సైకిలు పంపుతో ఊదాడు. దూది నవ్వింది కానీ కదల్లా. నోటితో ఊదాడు. చీపురు పుల్లతో గెలికాడు.

"కాటా పడకుండా దించేయండయ్యా, షెడ్డులో పోద్దాం" అన్నాడెవరో వరసలోంచి.

"దించితే ఎవడి పత్తి ఎవడిదో ఎట్టా తెలుస్తదిరా?" అన్నారు చెంచురామయ్య గారు. "చేత్తో రాసిస్తా, తీసుకుంటారా?"

చేతి చీటీకి ఒక్క తల ఊగలా. చల్లగాలి లేచింది. ట్రక్కుల మీద పత్తి రేగి కంపచెట్లకి తగులుకుంటంది.

అప్పుడే ఇమ్మానియేలు ట్రక్కెక్కి, ఆ ఇంజను పంపు భుజానేసుకుని దిగాడు. అది తెలియనోళ్ళకి చెప్తా. దాని గొట్టంలోంచి గాలి తుఫాను లాగా వచ్చిద్ది. కుళాయి తిప్పితే ఆ గాలిలో మందు కలిసి మంచులాగా చెట్ల మీద పడిద్ది. కుళాయి కట్టేస్తే వట్టి గాలే.

"దీంతో కొడదాం రంజానూ. దూది ఏంది, దూలాలే లేచిపోతై."

"మందుందా?"

"లేదు. కాలవలో కడిగేశా పొద్దునే. ప్రభువు సాక్షిగా కడిగేశా."

రంజాను ఒకసారి ఆకాశం చూశాడు, ఒకసారి కారు వెనక సీటు చూశాడు. "కొట్టు" అన్నాడు.

ఇంజను బర్రుమంది. దూది ఎట్టా లేచిందంటారు! గదంతా తెల్లగా అయిపోయి, ఒక క్షణం మనుషులు కనపడలా. ఫ్యాను రెక్క గిర్రున తిరిగింది. "వచ్చింది! వచ్చింది!" అని రంజాను అరిచాడు. ఆ అరుపు నోట్లో ఉండగానే వాసనొచ్చింది. ముక్కు కోసేసే వాసన. మా పక్క పసిపిల్ల కూడా గుర్తుపట్టే వాసన.

ఇమ్మానియేలు కడిగింది ట్యాంకు. గొట్టం కడగలా. గొట్టంలో నిలిచిన తెల్లటి మందు నీళ్ళు ఆ గాలితో పాటు లేచొచ్చి, కంప్యూటరు లోపల ఆకుపచ్చ పలక మీద చుక్కలు చుక్కలుగా పడ్డై. పాలు చిలకరించినట్టు.

ఇంజను ఆగింది. జనం తువ్వాళ్ళు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు.

"నేనే చేశా ఈ పని" అన్నాడు ఇమ్మానియేలు. "నన్ను కొట్టు రంజానూ."

రంజాను బొంత తీసుకుని అద్దుతన్నాడు. తుడవట్లా, పసిబిడ్డ ఒళ్ళు అద్దినట్టు అద్దుతన్నాడు. ఎండుంటే మిరపకాయల్లాగా ఎండబోసేవాడే. ఎండెక్కడుంది? గదిలో చీకటి కమ్మింది.

"అయిపోయింది బావా" అన్నాడు కోటిలింగం. ఎగతాళిగా అనలా, నిజం చెప్పాలి. వెంటనే కార్లోంచి కొత్తది తెచ్చి, బల్ల మీద పెట్టి, వైర్లు తగిలించాడు. చెయ్యి మంచిదే వాడిది. రెప్పపాటులో తెర మీద నీలం రంగొచ్చింది, పచ్చిక బయలొచ్చింది, పాట కూడా వచ్చింది. జనం హమ్మయ్య అన్నారు.

కానీ కాటా బరువు మాత్రం రాలా. కోటిలింగం కాటా వైరు ఇటు పెట్టాడు, అటు పెట్టాడు. వాడి చెవులు ఎర్రబడినై. "బావా, కాటా లెక్క తెలిసిన ప్రోగ్రాము దీంట్లో లేదు. అది పాతదాంట్లోనే ఉంది. రేపు గుంటూరు నించి ఆ కంపెనీ వాళ్ళని..."

"రేపా?" చెంచురామయ్య గారు గొంతెత్తడం నేను వినడం అదే మొదలు. "ఆ మబ్బుని రేపు రమ్మని నువ్వు చెప్తావా?"

మొదటి చినుకు రేకు మీద టప్పుమంది.

కోటిలింగం పాత పెట్టెలోకి వంగి చూశాడు. పైఅరలో ఇటుకంత ఇనప డబ్బా. హార్డు డిస్కు. ప్రోగ్రాములూ గీగ్రాములూ అన్నీ ఉండేది దాంట్లోనే. దాని రేకు మీద కూడా నీళ్ళలాగా మెరుస్తంది.

"రంజానూ, ఆ డిస్కు బాగుంటే దీనికి తగిలించొచ్చు. అదీ తడిసిందా?"

రంజాను బొంత కొసతో ఆ డబ్బా అద్దాడు.

నేను కిటికీ ఊచలు పట్టుకున్నా. చూడండి, వాడు 'తడిసింది' అంటే చాలు. కోటిలింగం కొత్త మిషను అందరి ముందూ దిష్టిబొమ్మలాగా నిలబడిపోద్ది. పాతదాన్ని ఇంటికి తీసుకుపోయి ఎండబెట్టుకుని, నాలుగు రోజులాగి తెచ్చి, 'చూశారా, కొత్తదానికి చేతకానిది ముసల్ది చేసింది' అనొచ్చు. కుర్చీ ఎక్కడికీ పోదు. డిస్కు పైఅరలో ఉంది, దాని రేకు మీద పడింది పైపై తుంపరే, లోపలికి దిగలా. ఆ సంగతి అప్పుడు వాడికొక్కడికే తెలుసు. తడవలేదంటే మాత్రం, తన చేత్తో తన కుర్చీ కింద మంట పెట్టుకున్నట్టే.

"అడుగుతంటే వినపడట్లా? తడిసిందా?"

రంజాను కిటికీ బయటికి చూశాడు. ఇమ్మానియేలు ట్రక్కెక్కి, చొక్కా విప్పి పత్తి మీద పరుస్తన్నాడు. కొండంత లోడు మీద ఒక చొక్కా. తర్వాత వాడే బోర్లా పడుకున్నాడు దాని మీద, చేతులు చాపుకుని.

"ఏరా!" అన్నారు ఓనరు గారు.

రంజాను స్క్రూడ్రైవరు తీశాడు. రెండు మరలు జారి కింద పడ్డై, వాటిని వెతకలా. డబ్బా ఊడదీసి, లుంగీకి తుడిచి, కోటిలింగం చేతిలో పెట్టాడు.

"తడవలా" అన్నాడు. "దీన్ని ముందు పెట్టండి. మీ డిస్కు తీసేయండి. రెండూ ఉంటే పేచీ పడతై."

కోటిలింగం వాడి మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత తల వంచుకుని తగిలించాడు. పచ్చిక పోయింది, పాట పోయింది, నల్ల తెర మీద పాత తెల్లక్షరాలొచ్చినై. రంజాను నిలబడే మీట నొక్కాడు. కుర్చీలో కూర్చోలా.

చీటీ వచ్చింది. చిటికేసినంతలో వచ్చింది. కోటిలింగం చెప్పిన దాంట్లో అబద్ధం లేదు, కొత్తది నిజంగా గుర్రమే.

ఆ తర్వాత ఒక్కో ట్రాక్టరూ పలకెక్కడం, చీటీ రావడం, షెడ్డులోకి పోవడం. వాన మాత్రం మన కోసం ఆగిద్దా? వంతెన అవతలున్నోళ్ళ లోడ్లు సగం తడిసినై. అయినా చాలావరకు లోపలికొచ్చింది. ఇమ్మానియేలు షెడ్డులోంచి ఒళ్ళంతా పత్తి అంటించుకుని గొర్రెలాగా బయటికొచ్చి, రంజాను కాడ నిలబడ్డాడు. నా కాడ టీ తాగి, వానలోనే పోయాడు.

చెంచురామయ్య గారు మాట మీద నిలబడే మనిషి. మంచికైనా చెడ్డకైనా అంతే. గేటు మూసేటప్పుడు అన్నారు. "రేపట్నించి కోటిలింగం మనిషొస్తాడు. నువ్వు బోరేల కాడికి పో."

"నేను రాను లెండి" అన్నాడు రంజాను. "ఆ పాత పెట్టె నాకిప్పించండి, చాలు."

సైకిలు వెనక బొంతలో చుట్టి కట్టుకుపోయాడు. ఇక్కడి నించే కథలు పుట్టినై. వాళ్ళ మిద్దె మీద మిరపకాయల మధ్య ఆ పలకని ఎండబోశాడని ఒకరు. వెనిగరుతో కడిగాడని ఒకరు. బతికిందనీ, ఇప్పటికీ వేడెక్కితే వాసనొస్తదనీ ఇంకొకరు. కొత్తది కావాలని తనే మందు కొట్టించాడని మిల్లోళ్ళు. ఇమ్మానియేలు మాత్రం ఎవరన్నా ఆ మాటంటే లేచి కొట్టబోయేవాడు.

రంజాను ఇప్పుడు వినుకొండ బస్టాండు కాడ చిన్న గదిలో పెళ్ళి శుభలేఖలు, చర్చి కూడికల కరపత్రాలు కంప్యూటరులో కొట్టి ఇస్తన్నాడు. జనాల పాత కంప్యూటర్లకి అతుకులేసి బతికిస్తాడు. మొన్న మా మనవరాలి ఓణీల ఫంక్షన్ కార్డుల కోసం పోయా. ఖాదర్‌బీ లోపల మంచం మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తంది. నన్ను చూడగానే మొదలుపెట్టింది. "చూశావా అమ్మా, చేయని తప్పుకి నా బిడ్డని కుర్చీలోంచి లేపేశారు. పాపిష్టోళ్ళు."

నేనూరుకుంటానా? "చేయని తప్పేందిలే ఖాదర్‌బీ. కుర్చీ పోద్దని తెలిసే ఆ రోజు నీ కొడుకు డిస్కు తీసి కోటిలింగం చేతిలో పెట్టాడు, నేను కిటికీ కాడే ఉన్నా."

ఆమె చేతిలో దారం ఆగింది. రంజాను వాళ్ళమ్మకేసి ఒకసారి చూసి, కీబోర్డు మీద నించి లేచి నా మీదికొచ్చాడు. ఆ మొహం చూసి రెండడుగులు వెనక్కేశా.

"ఏ డిస్కు పిన్నీ? ఎవరు తీశారు? కోటిలింగమే పీక్కున్నాడు. అసలు ఆ రోజు నేను మిల్లుకే రాలా. జ్వరం. మా అమ్మే కషాయం పెట్టింది, కావాలంటే అడుగు. పంపు లేదు, మందు లేదు, ఇమ్మానియేలు ఎవడో నాకు తెలవనే తెలవదు. వానే పడలా ఆ రోజు. ఇదంతా నీ బంకులో పుట్టింది, నువ్వు పుట్టించింది. కార్డు మీద పిల్ల పేరేం కొట్టాలో చెప్పు."